జరిమానా డబ్బా

ఇరవై ఎనిమిదేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో నేను తొమ్మిదిమంది మేనేజర్ల కింద పనిచేశాను. అందరూ చదువుకున్నవారే, సమర్థులే. కొందరి పేర్లు జ్ఞాపకం తెచ్చుకోవాలంటే ఇప్పుడు కాస్త ఆలోచించాలి. ఒక్కాయన మాత్రం ఎక్కడైనా మంచినీళ్ళ క్యాను కనబడితే చాలు గుర్తుకొస్తారు. ఆయన మాతృభాష కన్నడం, స్వస్థలం ధారవాడ వైపు. పావగడ తాలూకాలోని మా చిన్న శాఖకు 2015లో బదిలీ మీద వచ్చారు. పేరు రాయను. రిటైరై హాయిగా ఉన్నారు, పత్రికలో పేరు పడిందని తెలిస్తే ఫోను చేసి నన్ను ఆటపట్టిస్తారు.

పావగడ సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. రాష్ట్రం కర్ణాటక, జిల్లా తుమకూరు. మూడు వైపులా మాత్రం ఆంధ్ర. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మా పొరుగు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. దుడ్డును రెండు భాషల్లోనూ దుడ్డే అంటాం గనుక లావాదేవీలకు ఇబ్బంది లేదు. వేరుశనగ పంట, చాలీచాలని వాన, బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు. తిరుమణి వైపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక మా తాలూకా పేరు పత్రికల్లో పడింది గాని, నేను చెప్పేది అంతకు ముందరి కాలం. సేవ అంటే మా ప్రాంతంలో శ్రీ రామకృష్ణ సేవాశ్రమం, స్వామి జపానంద గుర్తుకు వస్తారు. కుష్ఠురోగుల కోసం, కంటి జబ్బుల వారి కోసం అక్కడ జరిగిన పని పెద్దది. నేను రాసేది అంత పెద్ద సేవ గురించి కాదు. కౌంటరు వెనక ఉన్న ఏడుగురిని ఒక మనిషి ఎలా నడిపించాడన్నది, అంతే.

వచ్చిన మొదటి రోజు సాయంత్రం ఆయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టి కన్నడంలో ఒక మాట చెప్పారు. "బెంగుళూరు నుంచి చూస్తే మీరు అల్పసంఖ్యాకులు. ఈ గదిలో నుంచి చూస్తే నేనొక్కణ్ణే అల్పసంఖ్యాకుణ్ణి. నన్ను కాస్త చూసుకోండి." భాషా అల్పసంఖ్యాకుల హక్కుల గురించి మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం, తీర్మానాలు చేసుకున్నాం. ఆ మాట అటువైపు నుంచి, అదీ నవ్వుతూ రావడం నేను విన్నది అదే మొదటిసారి.

ముప్పై రోజుల్లో తెలుగు నేర్పే పుస్తకం ఒకటి కొనుక్కున్నారు. మా శాఖకు వచ్చే ముసలివాళ్ళలో చాలామందికి కన్నడం అర్థమవుతుంది గాని నోరు తిరగదు. సరిహద్దుకు అవతలి పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు అర్థం కూడా కాదు. తాను నేర్చుకోవడమే సులువని ఆయన లెక్క. అయితే పుస్తకంలో మూడో పాఠానికే ఆగిపోయారు. అక్కడ "ఎక్కడ" అనే మాట వచ్చింది. కన్నడంలో ఎక్కడ అంటే కాలి చెప్పు. "ఎక్కడికి పోతున్నావో చెప్పు" అన్న వాక్యం ఆయన చెవికి ఎలా వినబడుతుందో ఆలోచించండి. అటు ఒక చెప్పు, ఇటు ఒక చెప్పు, జత పూర్తయింది. "ఖాతాదారుణ్ణి చెప్పుల జతతో పలకరించమంటారా?" అని పుస్తకం మూసేశారు. మన సీమ పల్లెల్లో "యాడికి" అంటారు గనుక బతికిపోయాం.

ఇంకో చిక్కు ఉంది. తెలుగులో ఆవు వచ్చింది, అవ్వ వచ్చింది, రెంటికీ ఒకటే క్రియ. కన్నడంలో ఆడవాళ్ళకు వేరే, పశువులకు వేరే. అవ్వను "వచ్చింది" అనడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. ఎంత చెప్పినా ఎవరు వచ్చినా "వచ్చారు" అనే అనేవారు. పాడి పశువుల అప్పుల తనిఖీకి పోయినప్పుడు చెవిబిళ్ళ నంబరు చూస్తూ "ఈ ఎనుము గారు ఎంత పాలు ఇస్తారు?" అని అడిగితే రైతు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక పశువు చాటుకు పోయాడు.

తన తెలుగులో తప్పుకు పది రూపాయల జరిమానా అని ఆయనే నిర్ణయించారు. పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టారు. నెలకోసారి ఆ డబ్బుతో మా అందరికీ టీ, మిరపకాయ బజ్జీ. తీర్పు చెప్పే అధికారం అటెండరుకు ఇచ్చారు. ఆ అటెండరు వాళ్ళ ఊరి పద్యనాటకంలో కృష్ణుడి వేషం కట్టేవాడు. మా అందరిలోకీ శుద్ధమైన ఉచ్చారణ అతనిదే. పొద్దున మేనేజరు గదిలో ఫైళ్ళు సర్దే మనిషి, సాయంత్రం ఆ మేనేజరుకే జరిమానా వేసేవాడు. ఇది వేళాకోళంగా మొదలైంది గాని, ఆరు నెలల్లో అటెండరు నడక మారింది. అంతకు ముందు ఖాతాదారుల ముందు గోడకు ఆనుకుని నిలబడేవాడు. తర్వాత క్యూ మధ్యకు వచ్చి "తాతా, ఆ ఫారం కాదు, ఈ ఫారం" అని చెప్పడం నేర్చుకున్నాడు.

ఇదంతా మామూలు రోజుల ముచ్చట. మనుషుల సంగతి తేలేది మామూలు రోజుల్లో కాదు. 2016 నవంబరు 8 మంగళవారం రాత్రి 500, 1,000 నోట్లు రద్దయ్యాయి. 9న బ్యాంకులు మూసి, 10న తెరిచాం. మా దగ్గర వేరుశనగ పీకి అమ్ముకునే కాలం అది. పంట డబ్బు ఇళ్ళలో పాత నోట్లుగా ఉంది. తెల్లవారక ముందే షట్టరు ముందు జనం. మనిషికి 4,000 మార్చమన్నారు, తర్వాత 4,500 అన్నారు, వారం తిరగకుండా 2,000 అన్నారు, 24తో మార్పిడే ఆపేశారు. ఖాతాలోంచి వారానికి మొదట 20,000, తర్వాత 24,000. పొద్దున చెప్పిన రూలు సాయంత్రానికి ఉండేది కాదు. కోపం రిజర్వు బ్యాంకు మీద చూపించడానికి ముంబయి దూరం. మేము కౌంటరు అవతలే ఉన్నాం.

ఆ రోజుల్లో మేనేజరు తన గదిలో కూర్చోగా నేను చూడలేదు. తెల్లవారుజామున స్కూటరు మీద పోయి, నాణెం వేస్తే ఇరవై లీటర్లు ఇచ్చే శుద్ధ నీటి కేంద్రం నుంచి రెండు క్యాన్లు తెచ్చేవారు. తన గదిలోని కుర్చీలన్నీ బయట వేపచెట్టు కిందికి చేర్చారు. చదువురానివారికి ఫారాలు నింపారు. మధ్యాహ్నం ఒక్కొక్కరినీ లేపి అన్నానికి పంపి ఆ సీట్లో తాను కూర్చున్నారు. తన డబ్బు తీసుకోవాలన్నా క్యూలో చివర నిలబడేవారు.

రెండో రోజో మూడో రోజో, తోపులాట మొదలయ్యేసరికి ఆయన తెలుగు మరిచిపోయి కన్నడంలో "నిల్లి, నిల్లి" అని అరిచారు. నిలబడండి అని. ముందు వరసలో ఉన్న ఒక అవ్వకు అది నీళ్ళ మాటగా వినబడింది. "పాపం సామికి దప్పికైనట్లుంది" అని తన సంచిలోని సీసా తీసి ఇచ్చింది. ఆయన ఒక క్షణం బిత్తరపోయి, సంగతి అర్థమై, సీసా అందుకుని గటగటా తాగారు. తర్వాత క్యాను దగ్గరికి పోయి సీసా నింపి తెచ్చి అవ్వ చేతికిస్తూ "అవ్వా, ఇప్పుడు మీరు నీళ్ళు, నేను నిల్లు" అన్నారు. రెండు భాషలూ తెలిసిన వెనక వరస పగలబడి నవ్వింది. అటెండరు లోపల్నుంచి "పది రూపాయలు!" అని కేక. ఆ రోజుకు తోపులాట ఆగింది. మర్నాడు మళ్ళీ మొదలైందనుకోండి. నవ్వుతో క్యూ కరిగిపోదు. నోట్లు రావాలి, నోట్లు లేవు.

నవంబరు ఆఖరి వారంలో ఒక రాత్రి క్యాషు రెండువేలు తక్కువ వచ్చింది. బ్యాంకు పనిలో ఉన్నవారికి తెలుసు, తక్కువ పడితే అది క్యాషియరు జేబులోంచే పోవాలి. మా క్యాషియరు ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా నిండని అమ్మాయి. చిత్రదుర్గ వైపు నుంచి వచ్చి పావగడలో గది తీసుకుని ఉండేది. మూడుసార్లు లెక్కపెట్టాం. రాత్రి పది దాటింది. ఒక్క గులాబీ నోటు, ఎవరికో రెండు అంటుకుని పోయినట్టుంది. ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడుపు కంటె చెడ్డది, ఊరికే గోడ వంక చూస్తూ కూర్చుంది. నోటు రద్దైనప్పటి నుంచి ఆమె పడిన చాకిరీకి అది బహుమానం.

మేనేజరు పర్సు తీశారు. ఆమె లేచి నిలబడింది. "వద్దు సార్. నా చేతిలో పోయింది, నేనే కడతాను." గొంతులో ఎంత గట్టితనం ఉందంటే మేమెవ్వరం మా జేబుల వైపు చెయ్యి పోనివ్వలేదు. ఆయన పర్సు లోపల పెట్టేసి డబ్బా తెమ్మన్నారు. లెక్కపెడితే 1,400 ఉంది. "ఇది నా డబ్బు కాదమ్మా, నా చెడ్డ తెలుగు డబ్బు. శాఖ ఉమ్మడి ఆస్తి. దీన్ని వద్దనే హక్కు నీకు లేదు" అన్నారు. ఇంకా 600 కావాలి. "రిజర్వు బ్యాంకు రోజుకో సర్క్యులరు ఇస్తూంటే నేనొకటి ఇవ్వకూడదా? ఈ క్షణం నుంచి తప్పుకు వంద." అని గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"అవ్వా, కొంచెం నిల్లు తాగి క్యూలో నీళ్ళండి." వంద. "ఎక్కడ వేసుకుని చెప్పు పోతున్నారు?" వంద. "ఎనుము గారు సంతకం పెట్టారా?" వంద. అటెండరు అడ్డుపడ్డాడు. "కావాలని చేసిన తప్పు చెల్లదు సార్." "ఏ సర్క్యులరులో ఉంది చూపించు" అన్నారాయన. ఇంకో రెండు అయ్యాయి, అవి పత్రికలో రాసేవి కావు. నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు నొప్పెట్టాయి. ఆ అమ్మాయి చేతుల్లో మొహం దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని స్థితిలో ఉంది. ఐదు అయ్యాక అలిసిపోయి కుర్చీలో కూలబడి, మాతో మామూలుగా "సరే, పొద్దుపోయింది, ఇక మేడమ్ ఇంటికి పోతుంది" అన్నారు. అటెండరు వెంటనే "శుద్ధమైన తెలుగు సార్. జరిమానా లేదు" అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. "నీ వ్యాకరణంలో ఒప్పేమో. నా నోటికి అది తప్పు. పోతారు అనాలి." ఆరో వందనోటు తానే డబ్బాలో వేశారు. ఆ రాత్రి చందా చీటీ రాసుకోలేదు, కృతజ్ఞతలు చెప్పుకోలేదు. పద్దు సరిపోయింది, జాయింట్ కస్టడీ తాళాలు రెండూ పడ్డాయి, అటెండరు షట్టరు దించాడు.

బి.కాం. చదివినవాణ్ణి గనుక నాకు ప్రతిదీ జమాఖర్చుల్లోనే తోస్తుంది. పైవాడు కిందవాడికి సేవ చేస్తే చేసినవాడి ఖాతాలో జమ పడుతుంది. అందుకున్నవాడి ఖాతాలో అంత బాకీ పడుతుంది. ఆ బాకీ మోయడం అందరికీ చేతకాదు. మేనేజరే స్వయంగా నీళ్ళు మోస్తూంటే కింది వాళ్ళకు గౌరవం కంటె ముందు ఇరకాటం కలుగుతుంది. ఆ బాకీని కొట్టివేసేది నవ్వు. అదీ ఎదుటివాడి మీద కాదు, తన మీద తాను వేసుకున్న నవ్వు. పర్సులోంచి ఇచ్చి ఉంటే ఆ రెండువేలు ఆమె ఏళ్ళ తరబడి మోసేది. డబ్బాలోంచి వచ్చింది గనుక మర్నాడే మరిచిపోగలిగింది.

2018లో మా శిక్షణ కేంద్రంలో ఒక అధ్యాపకుడు రాబర్ట్ గ్రీన్‌లీఫ్ గురించి చెప్పారు. అమెరికాలో టెలిఫోన్ కంపెనీలో జీవితమంతా పనిచేసి రిటైరైన గ్రీన్‌లీఫ్, నాయకుడు ముందు సేవకుడుగా ఉండాలని 1970లో ఒక వ్యాసం రాశాడట. ఆ ఆలోచన ఆయనకు జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1932లో రాసిన 'తూర్పు దేశ యాత్ర' కథ చదివితే కలిగిందట. అందులో లియో అనే నౌకరు యాత్రికుల మూటలు మోస్తూ పోతాడు. ఒకనాడు అతను మాయమైతే యాత్రే చెదిరిపోతుంది. చాలా కాలానికి తెలుస్తుంది, ఆ నౌకరే ఆ సంఘానికంతటికీ పెద్ద అని. అధ్యాపకుడు సేవ దగ్గరే ఆగిపోయారు. తర్వాత గ్రంథాలయంలో వెతికి ఆ కథ చదివితే నన్ను ఆకట్టుకున్నది వేరు. లియో ఊరికే మూటలు మొయ్యడు, ఈల వేస్తూ, పాడుతూ మోస్తాడు. యాత్రికులు పోగొట్టుకున్నది మూటలు మోసే మనిషిని ఒక్కణ్ణే కాదు, ఆ పాటనూ.

ఈ సంగతి మా అటెండరుతో చెబితే "జర్మనీ దాకా ఎందుకు సార్" అన్నాడు. సైంధవుణ్ణి చంపిన రోజు యుద్ధం నడిమధ్యన కృష్ణుడు గుర్రాలను రథం నుంచి విప్పి, బాణాలు పీకి, నీళ్ళు తాగించి మళ్ళీ కట్టాడు కదా అని గుర్తుచేశాడు. అంత పెద్ద మనిషి, అంత చిన్న పని, అదీ ఎకసెక్కాలు మానకుండా. వేషం కట్టిన మనిషికి తెలిసినంత మనకు తెలియదు.

ఇంత చెప్పాను గనుక ఆయన ఎప్పుడూ నవ్వించేవారని అనుకోకండి. పెళ్ళిళ్ళకు రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చని నవంబరు 17న ప్రకటించారు. 21న షరతులు వచ్చాయి: 8వ తేదీ నాటికి ఖాతాలో ఉన్న డబ్బే ఇవ్వాలి, ఎవరెవరికి చెల్లిస్తారో జాబితా కావాలి, వాళ్ళకు బ్యాంకు ఖాతా లేదన్న పత్రం కావాలి. మడకశిర వైపు సంబంధం కుదుర్చుకున్న ఒక తండ్రి శుభలేఖ పట్టుకుని వచ్చాడు. ఆ రోజు మేనేజరు ఒక్క చమత్కారం ఆడలేదు. తన నోటికి వచ్చిన తెలుగు ప్రమాదమని తెలిసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మేళం వాళ్ళు, వంట మనిషి, పూల అంగడి, షామియానా, ఒక్కొక్కటే అడిగి రెండు గంటలు కూర్చుని కాగితాలు తయారుచేయించారు. అటెండరు కూడా తప్పులు లెక్కపెట్టలేదు. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియడం, తెప్పించడం కంటె కష్టమైన విద్య అనుకుంటాను.

తర్వాత నేను చూసిన ఇద్దరు మేనేజర్ల గురించి క్లుప్తంగా. ఒకాయన అందరి పనీ తానే చేసేవారు. మొహంలో మాత్రం "చూడండి, మీకోసం ఎంత చేస్తున్నానో" అని రాసి ఉండేది. ఆయన ఎదుట మేమంతా నేరస్థుల్లా తిరిగేవాళ్ళం. ఇంకొకాయన మహా హాస్యప్రియుడు. ఆయన హాస్యమంతా స్వీపరు నత్తి మీద, క్లర్కు రంగు మీద. పైకి నవ్వేవాళ్ళం. ఆ శాఖలో సెలవు చీటీలు ఎక్కువ.

రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకు తేల్చింది. మా క్యాషియరును ఆ రాత్రి గోడ వంక చూసేలా చేసిన రెండువేల నోటును కూడా 2023 మేలో ఉపసంహరించారు. ఆ అమ్మాయి ఇప్పుడు స్కేలు వన్ ఆఫీసరు. ఫోను చేస్తే మొదటి మాట "నిల్లు తాగారా సార్?"

2021లో నాకే ఒక చిన్న శాఖ అప్పగించారు. క్యాను మోయడం నాకు వచ్చు. నవ్వించడం రాదు. చమత్కారం ఆడబోతే ఎదుటివాళ్ళు ఏదో ఆడిట్ అభ్యంతరం అనుకుంటారు. దీనికి దారి నాకు బుర్రకథలో దొరికింది. చిన్నప్పుడు నాజర్ గారి కథలు రేడియోలో వినేవాళ్ళం. బుర్రకథలో ముగ్గురుంటారు గదా. తంబురా మీటుతూ కథ నడిపేవాడు మధ్యలో, అటూ ఇటూ వంతలు ఇద్దరు. వాళ్ళలో ఒకడిది హాస్యం. కథకుడు ఎంత రోషంగా చెబుతున్నా ఆ హాస్యగాడు మధ్యలో దూరి అతన్నే ఆటపట్టిస్తాడు. కథకుడు ఆగి, విని, తానూ నవ్వి, మళ్ళీ అందుకుంటాడు. కథ నడిపేవాడే నవ్వించాలని లేదు. నవ్వించేవాడికి చోటిస్తే చాలు, ఆ నవ్వు తన మీద పడ్డా.

మా శాఖలో రాయచూరు వైపు కుర్రాడు ఒకడున్నాడు. నేను కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని "పాన్ కార్డు జిరాక్సు ఏదీ" అనే తీరును అచ్చంగా దించుతాడు. పింఛను రోజు ముసలివాళ్ళు వరసలో ఉన్నప్పుడు అది తప్పకుండా ఉంటుంది. మొదటిసారి దొరికిపోయి, బెదిరి నా వంక చూశాడు. ముక్కు ఇంకాస్త కిందికి వంచాలని చెప్పి నేను నీళ్ళ క్యాను తేవడానికి పోయాను.